ఇద్దరి ప్రార్థనకు ఏ సాధనం నిలుస్తుంది? నోటుపుస్తకం, జంటల ధ్యాన పుస్తకం, యాప్, ఫోన్ కాల్: ఒక సమీక్ష

భార్యాభర్తలు గానీ, ఇద్దరు స్నేహితులు గానీ కలిసి ప్రార్థన చేసుకుందామని అనుకున్నాక సాధారణంగా మొదట జరిగేది ఏదో ఒక పుస్తకం కొనడమో, ఫోన్‌లో ఏదో ఒక యాప్ వేసుకోవడమో. అందులో తప్పేమీ లేదు. మంచి సాధనం ఉంటే మొదటి నెల గట్టెక్కడం తేలికవుతుంది. అయితే వీటిని కొలవడానికి మేం పెట్టుకున్న ప్రమాణం ఒకటే: ఇద్దరూ కూర్చున్నాక దేవునితో మొదటి మాట ఎంతసేపటికి మొదలవుతుంది? ఐదు నిమిషాల్లోపు మొదలైతే ఆ సాధనం పనిచేస్తోంది. పావుగంట గడిచినా ఇంకా చదువుకుంటూనో, వార్తలు చెప్పుకుంటూనో ఉన్నారంటే, అది ఎంత అందంగా అచ్చయినా, ఎంత పేరున్నదైనా ప్రార్థన సమయాన్ని తినేస్తోందన్నమాట.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఎక్కువమందికి సరిపోయేది మామూలు రూళ్ల నోటుపుస్తకం, దానికి తోడు బైబిల్లోని కీర్తనల గ్రంథం. మిగతావన్నీ ప్రత్యేక పరిస్థితుల్లో పనికొచ్చేవి.

నోటుపుస్తకం

ఎ5 సైజు, నూరు నుంచి రెండువందల పేజీలు, కుట్టు బైండింగ్. బైండింగ్ గురించి పట్టింపు ఎందుకంటే, జిగురుతో అంటించిన పుస్తకం మధ్యలో తెరిచిపెడితే తనంతట తానే మూసుకుపోతుంది. కళ్లు మూసుకుని చేతులు జోడించినవాళ్లు పేజీని పట్టుకుని కూర్చోలేరు. స్పైరల్ పుస్తకమూ చదునుగా తెరుచుకుంటుంది గానీ, ఏడాది పాటు రోజూ తిప్పితే పేజీలు ఊడివస్తాయి. ఇంతకంటే పెద్ద సైజు వద్దు. పెద్ద పేజీ కనబడితే నింపాలనిపిస్తుంది, ఆ తర్వాతి కష్టాలన్నీ అక్కడే పుడతాయి.

వారానికి ఎదురెదురు పేజీలు రెండు. ఎడమ పేజీలో నాలుగు గడులు: తేదీ, ఎవరి కోసం, ఏం అడుగుతున్నాం, మళ్లీ ఎప్పుడు చూసుకోవాలి. కుడి పేజీ ఖాళీగా వదలాలి. ఆ మనవి విషయంలో తర్వాత ఏం జరిగిందో తేదీ వేసి అక్కడ రాస్తారు. ఒక్కొక్కరికి ఐదు మనవులు మించకూడదు, ఇద్దరికీ కలిపి పది. ఆరోది రాయాలంటే ముందున్న వాటిలో ఒకటి ముగియాలి, లేదా నెలకోసారి చూసే చివరి పేజీకి వెళ్లాలి. ఆ పది కూడా ఒకే రోజు తీసుకోవద్దు. రోజుకు మూడో నాలుగో చాలు.

ఈ హద్దు లేకపోతే ఏమవుతుందో ముందే చెప్పవచ్చు. తెలిసిన ప్రతి జబ్బూ, ప్రతి పరీక్షా, ప్రతి ప్రయాణమూ జాబితాలోకి చేరి నలభై దాటుతుంది. అప్పుడు ప్రార్థన పేర్ల హాజరు పిలుపులా సాగుతుంది. ఒక్కో పేరుకు ఒక్కో ముక్క, చివర ఆమేన్. ఇద్దరిలో ఒకరికి విసుగొస్తుంది, ఆ విసుగును భక్తి తక్కువతనమనుకుని లోలోపల కుమిలిపోతారు. నిజానికి తప్పు భక్తిలో లేదు, జాబితా పొడవులో ఉంది.

మనవిని రాసే తీరు ఇంకా ముఖ్యం. 'తమ్ముడి ఉద్యోగం' అని రాస్తే దాని గురించి ఏం అడగాలో తెలియదు, జవాబు వచ్చిందో లేదో కూడా తెలియదు. 'బుధవారం ఇంటర్వ్యూ: నెమ్మదిగా, నిజాయితీగా జవాబులు చెప్పగలగాలి' అని రాస్తే ఏం ప్రార్థించాలో ఇద్దరికీ తెలుస్తుంది, గురువారం అతన్ని ఏం అడగాలో కూడా తెలుస్తుంది. దీర్ఘకాలపు జబ్బులకు ఇలాంటి గడువు ఉండదు. అలాంటివాటికి 'మళ్లీ చూసే తేదీ' గడిలో వచ్చే నెల ఒకటో తేదీ వేసి, ఈ నెలలో అడగాల్సిన చిన్న సంగతిని రాయండి: రాత్రి నిద్ర, మందు వల్ల వచ్చే వికారం, పక్కన ఉండి చూసుకునేవారి ఓపిక.

కుడి పేజీలో సంతోషకరమైన జవాబులే రాయాలనిపిస్తుంది. అలా చేయకండి. 'అడిగినట్టే జరిగింది', 'అలా జరగలేదు', 'ఇంకా అడుగుతున్నాం' అనే మూడింటికీ చోటుండాలి. తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే బాధ, తొలగిపోవాలని అపొస్తలుడైన పౌలు ముమ్మారు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప చాలునన్న మాట వచ్చింది. రెండవ కొరింథీయుల పత్రిక 12వ అధ్యాయంలో ఆ సంగతిని ఆయన దాచకుండా రాశాడు. జరగని వాటిని రాయని పుస్తకం కొన్నాళ్లకు నమ్మశక్యం కాకుండా పోతుంది. కష్టకాలంలో వెనక్కి తిప్పి చూసుకుంటే ఏ ఆసరా దొరకదు.

రాసేవాళ్లు వారం వారం మారాలి. ఎప్పుడూ ఒకరే రాస్తుంటే ఆ ఒకరు కార్యదర్శి అయిపోతారు, రెండోవారు హాజరు వేయించుకునేవారిగా మిగిలిపోతారు. మొదటి రెండు నెలల్లో ఆగిపోయే జంటల్లో ఈ చిక్కు తరచుగా కనబడుతుంది. కలం కూడా పుస్తకంతోనే ఉండాలి. కలం వెతకడానికి లేచినవాళ్లు మరో పనిలో పడిపోతారు.

ఇక రెండు కట్టుబాట్లు. ఒకటి: ఎదుటివారి గురించి మీరు రాసే మనవి వారు నోరారా అడిగినదై ఉండాలి. 'ఆయన కోపం తగ్గాలి' అని భార్య, 'ఆమె మాట మెత్తబడాలి' అని భర్త రాయడం మొదలైతే అది ఫిర్యాదుల పుస్తకమవుతుంది. రెండు: వేరేవాళ్లు నమ్మి చెప్పిన రహస్యాలను పొడి అక్షరాలతోనే రాయండి, వివరాలు వద్దు. 'ర., మంగళవారం, ధైర్యం' అని ఉంటే మీ ఇద్దరికీ చాలు. పుస్తకం ఎవరి కంటనైనా పడితే ఆ మనిషి పరువు నిలుస్తుంది.

కీర్తనలు

జంటగా చదవడానికి కీర్తనల గ్రంథం ఉన్నంతలో అన్నిటికంటే తగినది. వేరే ఏ ధ్యాన పుస్తకం కొనకముందు ఇది వాడి చూడమని గట్టిగా చెబుతాం. కారణం, అవి చాలావరకు ప్రార్థనలే. చదవడం ముగించి ప్రార్థన మొదలుపెట్టాల్సిన మలుపు అక్కడ ఉండదు. చదువుతుండగానే మొదలైపోయి ఉంటుంది.

తొలి రోజుకు 136వ కీర్తన తీసుకోండి. అందులో 26 వచనాలు, ప్రతి వచనం చివరా 'ఆయన కృప నిరంతరముండును' అనే పల్లవి. ఒకరు మొదటి భాగం చదివితే రెండోవారు పల్లవి అందుకుంటారు. నలుగురిలో నోరు విప్పి ప్రార్థించడం అలవాటు లేనివారికి ఇంతకంటే మంచి ప్రవేశం లేదు. ఏం చెప్పాలో వెతుక్కునే పని లేదు, గొంతు మాత్రం కలపాలి. ఆ తర్వాత 120 నుంచి 134 దాకా యాత్రకీర్తనలు పదిహేను, పదిహేను రోజులకు సరిపోతాయి. 132వది తప్ప మిగతావన్నీ పొట్టివే. అవి అయ్యాక 119వ కీర్తన: 176 వచనాలు చూసి భయపడనక్కర్లేదు, ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంది. రోజుకో భాగం, ఒకరు నాలుగు, మరొకరు నాలుగు.

నూటయాభై కీర్తనలనూ నెలలో పూర్తిచేసే పాత లెక్క ఒకటుంది. ఆ రోజు తేదీకి ముప్పై చొప్పున కలుపుతూ పోతే అయిదు కీర్తనలు వస్తాయి: 7వ తేదీన 7, 37, 67, 97, 127. జంటకు మాత్రం ఇది బరువు. ఆ ఐదింటినీ ఒకసారి తిరగేసి, ఆ రోజు పరిస్థితికి దగ్గరగా ఉన్న ఒక్కదాన్ని ఎంచుకుంటే చాలు.

దుఃఖంలో ఉన్న ఇంట్లో స్తుతి కీర్తనతో మొదలుపెట్టి బలవంతాన గొంతు పెంచవద్దు. 13వ కీర్తన ఆరు వచనాలే; 'ఎన్నాళ్లవరకు' అన్న మొరతో మొదలై నమ్మికలోకి నడుస్తుంది. తప్పు ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు 32, 51.

పది నిమిషాల అమరిక

ఏ సాధనం ఎంచుకున్నా సమయం పంచుకోవడం తెలియాలి. మొదటి నిమిషం మౌనం. రెండు నిమిషాలు కీర్తన. రెండు నిమిషాలు 'ఈ రోజు నీ కోసం ఏం అడగను?' అని ఒకరినొకరు అడిగి, విన్నది నోటుపుస్తకంలో రాసుకోవడం. నాలుగు నిమిషాలు ప్రార్థన. చివరి నిమిషం ఇద్దరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన ('పరలోకమందున్న మా తండ్రీ'). ఎక్కువగా గాడితప్పేది 'ఏం అడగను' దగ్గరే. అడిగినదానికి జవాబు చెబుతూ చెబుతూ సంభాషణలోకి జారిపోతారు, ఓదార్పు, సలహా, ఆపైన వాదన. సలహా మంచిదే అయినా అది ఆమేన్ తర్వాత. గడియారం ఎదురుగా పెట్టుకోవడం అందుకే.

ఆ నాలుగు నిమిషాల్లో ఒకరు ఏకబిగిన ప్రార్థించి ముగించి, తర్వాత రెండోవారు అందుకోవడం కంటే, ఒక్కో మనవి మీద ఇద్దరూ రెండు మూడు వాక్యాలు పలికి తర్వాతి మనవికి పోవడం మేలు. వినేవారి మనసు చెదరదు. ఒకరు చెప్పినదాన్ని మరొకరు కొనసాగించే అవకాశం ఉంటుంది. మత్తయి 18:19లో ప్రభువు ఏ సంగతిలోనైనా ఇద్దరు ఏకీభవించి అడగడం గురించి చెప్పాడు. ఒకరి మనవిని మరొకరు తన మాటల్లో అడిగినప్పుడు ఆ ఏకీభావం అక్కడే, చెవికి వినబడుతుంది.

గొంతు విప్పలేనివారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది జంటలు ఇక్కడే ఆగిపోతారు. ఒకరికి సంఘంలో ధారాళంగా ప్రార్థించే అలవాటు ఉంటుంది, మరొకరు ఒంటరిగా తప్ప ప్రార్థించి ఎరుగరు. అలవాటున్నవారు తమ మామూలు ధోరణిలో పది నిమిషాలు ప్రార్థిస్తే, ఎదుటివారికి తన వంతు ఇక దాటలేని గోడ. అందుకని ధారాళంగా వచ్చేవారే తగ్గాలి: నాలుగు వాక్యాలు, ఇంట్లో మాట్లాడే భాషలోనే. మొహమాటమున్నవారు మొదటి వారం 'ఆమేన్' మాత్రం అంటే చాలు. రెండో వారం కీర్తనలో ఒక వచనం చదవాలి. మూడో వారం కృతజ్ఞతగా ఒక్క వాక్యం. విజ్ఞాపన, అంటే ఇతరుల కోసం అడగడం, ఆ తర్వాత. కాగితం మీద రాసుకుని చదివినా అది ప్రార్థనే. వారు చెప్పినదాన్ని సరిదిద్దడం, 'ఇంకొంచెం భారంతో చెయ్యి' అనడం, తర్వాత మెచ్చుకోవడం కూడా, ఏదీ వద్దు. మెచ్చుకోలు వస్తే రేపటి నుంచి దేవునికి బదులు మీకు వినిపించడానికి ప్రార్థిస్తారు.

అలాగే, ప్రార్థనను ఎదుటివారికి పాఠం చెప్పే దారిగా వాడుకోకూడదు. 'ప్రభువా, ఈ ఇంట్లో ఆలస్యంగా వచ్చేవారికి బుద్ధి దయచేయి' అన్నది దేవుని పేరుతో వేసిన ఉత్తరం, చేరాల్సిన చిరునామా పక్కనే కూర్చుని ఉంటుంది. ఒక్కసారి ఇలా జరిగినా మరుసటి రోజు ఆ పక్కనున్నవారు కూర్చోవడానికి జంకుతారు. మాటా మాటా అనుకున్న రోజున ముందు ఆ సంగతి తేల్చుకోండి; అర్పణను బలిపీఠం దగ్గర వదిలి ముందు సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ఉంది. భార్యను గౌరవించని భర్త ప్రార్థనకు అడ్డు ఏర్పడుతుందని పేతురు మొదటి పత్రిక 3:7 హెచ్చరిస్తోంది. పూర్తిగా తేలకపోతే ఆ రాత్రికి ప్రభువు ప్రార్థన ఒక్కటే, నెమ్మదిగా. క్షమించమనే వాక్యం దగ్గర ఆగాల్సి వస్తే ఆగండి. ఇంట్లో దెబ్బలూ బెదిరింపులూ ఉంటే మాత్రం కలిసి ప్రార్థించడం దానికి మందు కాదు. ముందు భద్రత, బయటివారి సాయం.

స్నేహితుల విషయంలో ఒక సూచన. పెళ్లయినవారు ప్రార్థన తోడుగా స్త్రీలైతే స్త్రీని, పురుషులైతే పురుషుణ్ణి ఎంచుకోవడం మంచిది. యాకోబు 5:16 చెప్పినట్టు తప్పులు ఒప్పుకుని ఒకరికోసం ఒకరు ప్రార్థిస్తే సాన్నిహిత్యం చాలా తొందరగా పెరుగుతుంది. అది పెరగాల్సిన చోటనే పెరగాలి.

జంటల కోసం అచ్చైన ధ్యాన పుస్తకాలు

కొనేముందు మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవాల్సిన భాగమెంత, ప్రార్థించాల్సిన భాగమెంత అని చూడండి. చాలావాటిలో రెండు పేజీల వ్యాసం, అడుగున మూడు వరుసల ప్రార్థన. అలాంటిది మంచి పఠన పుస్తకమే కావచ్చు, ఈ పనికి మాత్రం కాదు. పేజీల మీద తేదీలు అచ్చై ఉన్నవి మేం సిఫారసు చేయం. జ్వరం వచ్చి వారం ఆగితే ఏడు పేజీల బాకీ కనబడుతుంది. బాకీ తీర్చడానికి ఒకే రోజు మూడు పేజీలు చదువుతారు, తర్వాత పుస్తకం అలమారలోకి వెళ్లిపోతుంది. 'మొదటి రోజు, రెండో రోజు' అని ఉన్నవి, లేదా ఏ అంకే లేనివి తీసుకోండి.

చర్చా ప్రశ్నలను కూడా చూసుకోవాలి. 'ఈ వారం నేను చేసినవాటిలో నిన్ను నొప్పించింది ఏది?' లాంటి ప్రశ్న దానికదిగా విలువైనదే. కానీ ప్రార్థనకు ముందు రెండు నిమిషాల్లో అడగదగింది కాదు, తీరికైన సాయంత్రానికి వదిలిపెట్టాలి. 'ఈ రోజు దేనికి కృతజ్ఞత చెప్పాలనిపిస్తోంది?' అన్నది సరైన కొలత. రాసుకోవడానికి ఇచ్చే చోటు తరచూ రెండు గీతలే, పుస్తకంలో అసలు అవసరమైనది అదే అయినా. కొత్తగా పెళ్లైనవారికి ఏం మాట్లాడాలో దారి చూపడానికి మొదటి మూడు నెలలు ఇవి పనికొస్తాయి, ఆపైన నోటుపుస్తకానికి మారడం మంచిది.

యాప్‌లు

అందరికీ తెలిసినది యూవర్షన్ బైబిల్ యాప్. అమెరికాలోని లైఫ్‌చర్చ్ 2008లో విడుదల చేసింది. ఉచితం, ప్రకటనలు ఉండవు. ఇద్దరు కలిసి ఒకే పఠన ప్రణాళికలో చేరి రోజువారీ భాగం కింద ఆలోచనలు పంచుకోవచ్చు, ప్రార్థన మనవులు రాసుకుని స్నేహితులకు చూపించవచ్చు. ప్రణాళిక ఎంచుకునేటప్పుడు ఏడు రోజులు మించనిది తీసుకోండి. ఏడాది ప్రణాళికలో ఇద్దరిలో ఒకరు వెనకబడటం ఖాయం, ఆ తర్వాత ఒకరు పోలీసు, ఒకరు నేరస్థుడు.

ప్రేయర్‌మేట్ పూర్తిగా ప్రార్థన జాబితాల కోసమే చేసినది. మనవులు కార్డుల్లా ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ఏ జాబితా నుంచి రోజుకు ఎన్ని రావాలో మనమే చెప్పవచ్చు. పైన చెప్పిన జాబితా వాపుకు ఇది నిజమైన మందు. ఎక్కువమంది కోసం ప్రార్థించే భారం ఉన్నవారికి, పాస్టర్ కుటుంబాలకు, ఇది నోటుపుస్తకం కంటే మెరుగు.

యాప్‌లన్నిటికీ ఉన్న బలహీనత ఒకటే. మనవి కనబడగానే 'ప్రార్థిస్తున్నాను' అన్న గుర్తు మీద వేలు పెట్టడం చాలా తేలిక, ప్రార్థన అయిపోయినట్టే అనిపిస్తుంది. ఎవరి ఫోన్‌లో వారు వేర్వేరు గదుల్లో గుర్తులు నొక్కుకుంటే అది కలిసి చేసిన ప్రార్థన కాదు. వాడదలిస్తే ఇద్దరికీ ఒకే ఫోన్, భాగం తెరుచుకున్నాక ఫ్లైట్ మోడ్, రిమైండర్లలో ప్రార్థన వేళకు మోగేది తప్ప మిగతావన్నీ ఆపివేయడం. మనవి పంచేముందు అది ఎవరెవరికి కనబడుతుందో తప్పక చూసుకోండి. ఒక్కరికి అనుకున్నది జాబితాలో ఉన్న అందరికీ చేరితే వెనక్కి తీసుకోలేరు.

దూరాన ఉన్నవారికి: కాల్, వాయిస్ మెసేజ్

ఉద్యోగ రీత్యా విడిగా ఉండే దంపతులకు, వేర్వేరు ఊళ్ల స్నేహితులకు వీడియో కంటే మామూలు ఆడియో కాల్ మంచిది. వీడియోలో కళ్లు మూసుకోవాలా తెర చూడాలా అన్న ఇబ్బంది ఉంటుంది, తన ముఖం తనకే కనబడుతుంటే మనసు నిలవదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎదుటివారి రహస్యం పక్కవారి చెవిన పడదు.

కాల్‌లో మాట చేరడానికి కొంచెం ఆలస్యమవుతుంది, కాబట్టి ఇద్దరి మాటలూ ఢీకొంటాయి. ఒకరి వంతు ముగిసిందని తెలియడానికి ప్రతిసారీ 'ఆమేన్' అనాలి, రెండోవారు కూడా 'ఆమేన్' అని అప్పుడు మొదలుపెట్టాలి. ప్రభువు ప్రార్థన ఇద్దరూ ఒకేసారి పలికితే లయ కుదరదు. ఒకరు ఒక వాక్యం చెప్పి ఆగితే, మరొకరు తర్వాతి వాక్యం అందుకోవాలి. మౌనంగా ఉన్నప్పుడు కాల్ తెగిపోయిందేమోనని 'హలో' అనడం మామూలే. ముందే 'ఒక నిమిషం మౌనం' అని చెప్పుకుంటే సరి.

పగలూ రాత్రీ తారుమారైన దేశాల్లో ఉంటే వాయిస్ మెసేజ్ తప్పదు. నిమిషం మించకుండా, సంగతులు కలపకుండా ప్రార్థన మాత్రమే రికార్డు చేయండి. సంగతులకు వేరే మెసేజ్. విన్నవారు 'విన్నాను' అని బొటనవేలు చూపి ఊరుకోకుండా, ఆ మనవినే అందుకుని తమ ప్రార్థనను తిరిగి పంపాలి. వారానికి ఒక్కసారైనా ఇద్దరికీ కుదిరే వేళ చూసి నేరుగా కాల్ చేసుకోవాలి, మెసేజ్‌లు దానికి బదులు కావు. ఎవరి రహస్యమైనా ఉన్న మెసేజ్‌ను ప్రార్థించిన వెంటనే ఇద్దరి ఫోన్లలోనూ తుడిచేయండి, బ్యాకప్‌లోకి వెళ్లకముందే.